ఒరాకిల్ 21సీ ఎక్కించాను, ఎస్‌క్యూఎల్ ప్లస్ మాత్రం 11.2 అని చూపించి ఓఆర్‌ఏ-12560 ఇస్తోంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఎక్కడ తప్పాయి?

టవర్‌క్లాక్_ఎంసీఏ (అనంతపురం), శుక్రవారం రాత్రి 8:50

అందరికీ నమస్తే. నేను అనంతపురంలో ఎంసీఏ మొదటి సంవత్సరం. సోమవారం డేటాబేస్ ల్యాబ్ ఇంటర్నల్ ఉంది, ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లు తెచ్చుకోమన్నారు. ఒరాకిల్ 21సీ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ (ఎక్స్‌ఈ, ఉచితంగా దొరికే డేటాబేస్) ఎక్కించుకుందామని బుధవారం కూర్చున్నాను, ఇంకా దాని దగ్గరే ఉన్నాను.

ల్యాప్‌టాప్ కొత్తది కాదు. మా పెదనాన్న కొడుకు బెంగళూరులో ఉద్యోగానికి వాడుకున్నది, అన్న వేరేది కొనుక్కుని ఇది నాకిచ్చాడు. విండోస్ 10, 8 జీబీ ర్యామ్. ఇన్‌స్టాల్ ఎర్రర్ ఏమీ లేకుండా పూర్తయింది, పాస్‌వర్డ్ నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నాను, చివర్లో పోర్ట్ 1521 అని కూడా చూపించింది. ఆ తర్వాత ఒక వీడియోలో ఒరాకిల్_హోమ్ (ఒరాకిల్ ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) పెట్టకపోతే ఏదీ పనిచేయదన్నారు. పాత్ (ప్రోగ్రామ్‌ల కోసం విండోస్ వరసగా వెతికే ఫోల్డర్ల జాబితా) తెరిచి చూస్తే ఒరాకిల్ అని ఉన్న ఒక ఫోల్డర్ కనిపించింది (ఒరాకిల్, ప్రొడక్ట్, 11.2.0, క్లయింట్_1, బిన్ అని వరసగా ఉంది), అదే అనుకుని ఒరాకిల్_హోమ్‌కి ఆ క్లయింట్_1 ఫోల్డర్ ఇచ్చాను, వీడియోలో చెప్పినట్టు ఆ బిన్‌ని పాత్‌లో అన్నిటికంటే పైకి జరిపాను.

ఇప్పుడు ఎస్‌క్యూఎల్ ప్లస్ (డేటాబేస్‌కి కమాండ్లు ఇచ్చే ప్రోగ్రామ్) తెరిస్తే రిలీజ్ 11.2.0.1.0 అని వస్తోంది, యూజర్ పేరు సిస్టమ్ అని కొట్టి పాస్‌వర్డ్ ఇస్తే ఓఆర్‌ఏ-12560, ప్రోటోకాల్ అడాప్టర్ ఎర్రర్. నాలుగుసార్లు రీస్టార్ట్ చేశాను, అదే వస్తోంది. మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలంటే ఇన్‌స్టాలర్ దాదాపు 2 జీబీ, ఆ ఫైల్ డిలీట్ చేసేశాను, హాస్టల్‌లో వైఫై లేదు, ఫోన్ డేటాతోనే అన్నీ. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చూడాలో ఎవరైనా వరసగా చెప్పండి.


పెన్నా_గట్టు (కడప జిల్లా), శుక్రవారం రాత్రి 9:04

నాకూ ఇట్లాగే అయింది. మొత్తం అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఎక్కించు, కుదరకపోతే విండోస్ ఫార్మాట్ కొట్టు. నేను అట్లా చేశాకే పనిచేసింది.


బురుజు_డీబీఏ (కర్నూలు), శుక్రవారం రాత్రి 9:21

పై సలహా దయచేసి పాటించొద్దు తమ్ముడూ. పెన్నా_గట్టు గారూ, మీకు ఫార్మాట్‌తో పనిచేసింది నిజమే అయ్యుంటుంది, ఎందుకంటే ఫార్మాట్‌తో పాత వేరియబుల్స్ కూడా పోయాయి. ఉత్త అన్‌ఇన్‌స్టాల్‌తో అవి పోవు. మన చేత్తో పెట్టిన ఒరాకిల్_హోమ్‌ని మనమే తీసేయాలి, అన్‌ఇన్‌స్టాలర్ దాని జోలికి రాదు. కాబట్టి 2 జీబీ మళ్లీ దించుకుని ఎక్కించినా ఈ తమ్ముడు మళ్లీ ఇదే ఎర్రర్ ముందు కూర్చుంటాడు, డేటా ఖర్చు ఒకటి.

నేను డీబీఏ (డేటాబేస్ నిర్వహణ) పని చేస్తాను, ఏడేళ్లు బెంగళూరులో ఉండి ఇప్పుడు కర్నూలులో ఇంటి నుంచే. ఇలాంటి కేసు వస్తే వేరియబుల్స్ మార్చడం కంటే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటాను: నేను పిలిస్తే పలుకుతున్నది ఎవరు? మీరు 21సీ ఎక్కించారు, పలికింది 11.2. అంటే తలుపు తీసింది వేరే ఇంటివాళ్లు. డేటాబేస్ బాగానే ఉండి ఉండొచ్చు, ఇంకా దాన్ని మీరు తట్టనే లేదు.

కొత్త కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ మూడు కొట్టి వచ్చింది ఇక్కడ పెట్టండి (ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో రాస్తున్నాను, మీరు మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి). మొదటిది: వేర్ ఎస్‌క్యూఎల్‌ప్లస్. పాత్‌లో ఎన్ని ఎస్‌క్యూఎల్ ప్లస్‌లు ఉన్నాయో వరసగా చూపిస్తుంది, మొదట వచ్చిందే పలికేది. పవర్‌షెల్‌లో అయితే వేర్ అన్న మాటకి అర్థం వేరు, అక్కడ ఆ మాట చివర డాట్ ఈఎక్స్‌ఈ తగిలించాలి. రెండోది: సెట్ ఓఆర్‌ఏ. ఆ మూడక్షరాలతో మొదలయ్యే వేరియబుల్స్ అన్నీ వస్తాయి. మూడోది: సెట్ టీఎన్‌ఎస్. అవి చూశాక సర్వీసెస్ తెరిచి ఒరాకిల్‌సర్వీస్‌ఎక్స్‌ఈ (డేటాబేస్‌ని నడిపేది) రన్నింగ్‌లో ఉందో లేదో, పేరు చివర టీఎన్‌ఎస్‌లిజనర్ అని ఉండే సర్వీస్ (వచ్చే కనెక్షన్లు అందుకునేది) కూడా రన్నింగ్‌లో ఉందో లేదో చెప్పండి. ఇంకేమీ మార్చొద్దు.


టవర్‌క్లాక్_ఎంసీఏ (అనంతపురం), శుక్రవారం రాత్రి 9:48

తమ్ముడు కాదన్నా, చెల్లెలు. చాలా థ్యాంక్స్ ఇంత వివరంగా చెప్పినందుకు.

వేర్ కొడితే రెండు వచ్చాయి. మొదటిది 11.2.0 క్లయింట్_1 బిన్‌లోది. రెండోది సీ డ్రైవ్‌లో యాప్, నా యూజర్ పేరు, ప్రొడక్ట్, 21సీ, డీబీహోమ్‌ఎక్స్‌ఈ, బిన్. సెట్ ఓఆర్‌ఏకి ఒరాకిల్_హోమ్ ఒక్కటే వచ్చింది, నేను పెట్టింది. సెట్ టీఎన్‌ఎస్‌కి టీఎన్‌ఎస్_అడ్మిన్ అని డీ డ్రైవ్‌లో ఏదో ఆఫీస్ ఫోల్డర్ చూపిస్తోంది, అది నేను పెట్టలేదు. రెండు సర్వీసులూ రన్నింగ్.


బురుజు_డీబీఏ (కర్నూలు), శుక్రవారం రాత్రి 10:10

సారీ చెల్లీ. దొరికింది, భయపడాల్సింది ఏమీ లేదు.

మీ అన్న ఆఫీస్ పనికి 11జీ క్లయింట్ (నీకు 11.2 అని కనిపించేది) వేసుకున్నాడు. క్లయింట్ అంటే వేరే చోట ఉన్న డేటాబేస్‌తో మాట్లాడటానికి కావలసిన సరంజామా, అందులో డేటాబేస్ ఉండదు. నువ్వు దాని బిన్‌ని పైకి జరిపావు కాబట్టి ఎస్‌క్యూఎల్ ప్లస్ అనగానే విండోస్ అక్కడే ఆగిపోయింది. ఊరికే సిస్టమ్ అని లాగిన్ అయితే అది ఇదే మెషీన్‌లో ఉన్న డేటాబేస్ కోసం వెతుకుతుంది, దానికి ఒరాకిల్_ఎస్‌ఐడీ (ఆ డేటాబేస్ గుర్తింపు పేరు) కావాలి. 21సీ ఎక్కించినప్పుడు ఆ ఎస్‌ఐడీ (ఎక్స్‌ఈ అని) 21సీ హోమ్ (అది ఎక్కిన ఫోల్డర్) కింద రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోట) రాసుకుంది, పాత క్లయింట్ తన హోమ్ కింద చూసుకుంటే ఏమీ లేదు. 12560 ఎక్కువగా రెండే కారణాలకు వస్తుంది, సర్వీస్ ఆగిపోయి ఉండటం లేదా ఎస్‌ఐడీ తెలియకపోవడం. నీది రెండోది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ప్రతి ఏడాదీ ఎంతోమంది పిల్లలు దీనివల్లే రాత్రులు పాడుచేసుకుంటున్నారు. విండోస్‌లో ఒరాకిల్‌కి ఒరాకిల్_హోమ్ వేరియబుల్ అక్కర్లేదు. లినక్స్‌లో కావాలి, విండోస్‌లో ప్రతి హోమ్ తన సంగతులు రిజిస్ట్రీలో రాసుకుంటుంది, ఏ బిన్ నుంచి ప్రోగ్రామ్ లేచిందో దాన్ని బట్టి తన హోమ్ ఏదో తెలుసుకుంటుంది. మధ్యలో మనం చేత్తో ఒరాకిల్_హోమ్ పెడితే ప్రోగ్రామ్ ఒక చోటిది, దాని మెసేజ్ ఫైళ్లు ఇంకో చోటివి అవుతాయి. ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఇన్‌స్టాలేషన్ గైడ్‌లోనే ఉంది, ఒరాకిల్_హోమ్ ముందే ఉంటే ఇన్‌స్టాల్‌కి ముందు దాన్ని తీసేయమని. జావా వాళ్ల జావా_హోమ్ అలవాటు చూసి ఇదీ పెట్టాలని వీడియోల్లో చెప్పేస్తున్నారు.

చేయాల్సింది: ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ విండోలో యూజర్ వేరియబుల్స్, సిస్టమ్ వేరియబుల్స్ రెండు పెట్టెలూ చూసి ఒరాకిల్_హోమ్ ఎక్కడుంటే అక్కడ డిలీట్ చెయ్యి. సిస్టమ్ పాత్‌లో డీబీహోమ్‌ఎక్స్‌ఈ బిన్‌ని 11.2 కంటే పైకి జరుపు. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ మూసి కొత్తది తెరువు. పాతదాంట్లో చూడొద్దు. వేరియబుల్స్ అనేవి పొలానికి పొద్దున కట్టుకుపోయిన సద్దిమూట లాంటివి, ఇంట్లో తర్వాత ఏ కూర మార్చినా పొలంలో ఉన్న మూటలోకి రాదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచిన క్షణంలో ఏమున్నాయో అవే దాని దగ్గర ఉంటాయి. ఎడిటర్ లోపలి టెర్మినల్ అయితే ఎడిటర్ మొత్తం మూసి తెరవాలి, ఎందుకంటే మూట కట్టించుకున్నది ఎడిటర్.


సంగమేశ్వరం_07 (కర్నూలు), శుక్రవారం రాత్రి 10:22

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు, నాది మైఎస్‌క్యూఎల్ 8.0. సర్వర్ ఎక్కింది కానీ కమాండ్ ప్రాంప్ట్‌లో నాట్ రికగ్నైజ్డ్ అంటోంది. ఇదీ అదే గొడవా?


బురుజు_డీబీఏ (కర్నూలు), శుక్రవారం రాత్రి 10:26

కాదు, నీది చిన్నది. దాని ఇన్‌స్టాలర్ బిన్‌ని పాత్‌లో పెట్టదు. ప్రోగ్రామ్ ఫైల్స్, మైఎస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్ సర్వర్ 8.0, బిన్, ఈ దారిని పాత్‌లో కొత్త వరసగా చేర్చు, కోట్ గుర్తులు పెట్టొద్దు. పోస్ట్‌గ్రెస్ వాళ్లకీ విండోస్‌లో ఇదే మాట.


టవర్‌క్లాక్_ఎంసీఏ (అనంతపురం), శుక్రవారం రాత్రి 10:57

అన్నా ఒక పెద్ద తప్పు జరిగింది. మీ మెసేజ్ చదివేలోపే మా ఫ్రెండ్ వాట్సాప్‌లో ఒక కమాండ్ పంపింది, సెట్‌ఎక్స్ పాత్ అని, వెనక %పాత్% పెట్టి సెమీకోలన్ తర్వాత డీబీహోమ్‌ఎక్స్‌ఈ బిన్ పెట్టమంది. కొడితే వార్నింగ్ వచ్చింది, 1024 అక్షరాలకి ట్రంకేట్ చేశాం అని. దాని కింద సక్సెస్ అని కూడా వచ్చింది కాబట్టి సరే అనుకున్నాను. ఇప్పుడు కొత్త విండోలో పైథాన్ రావట్లేదు, వీఎస్ కోడ్‌ని కోడ్ అని పిలిస్తే అదీ రావట్లేదు. నా మినీ ప్రాజెక్ట్ మొత్తం పైథాన్‌లోనే ఉంది. ఏడుపు వస్తోంది నిజంగా.


బురుజు_డీబీఏ (కర్నూలు), శుక్రవారం రాత్రి 10:59

ముందు ఇది చదువు: సెట్‌ఎక్స్ కొట్టిన ఆ నల్ల విండో ఇంకా తెరిచే ఉందా? ఉంటే మూయొద్దు. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయొద్దు. ఛార్జర్ పెట్టుకో.


టవర్‌క్లాక్_ఎంసీఏ (అనంతపురం), శుక్రవారం రాత్రి 11:03

ఉందన్నా. మూయలేదు. ఛార్జర్ పెట్టాను.


బురుజు_డీబీఏ (కర్నూలు), శుక్రవారం రాత్రి 11:15

అయితే ఏమీ పోలేదు. సద్దిమూట అన్నాను కదా, ఆ విండో దగ్గర పాత మూట ఇంకా అట్లాగే ఉంది. సెట్‌ఎక్స్ తర్వాత తెరవబోయే విండోల కోసం మారుస్తుంది, తను నడిచిన విండోని మార్చదు. అందులో ఎకో %పాత్% అని కొట్టి, గ్రేటర్‌దేన్ గుర్తు వేసి, డెస్క్‌టాప్‌లో ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి పంపు. ఇదివరకటి పాత్ మొత్తం అందులో పడుతుంది. ఫైల్ తెరిచి చూశాకే విండో మూసుకో.

ఏం జరిగిందో కూడా తెలుసుకో, మళ్లీ అవసరపడుతుంది. విండోస్‌లో పాత్ రెండు చోట్ల ఉంటుంది, సిస్టమ్‌ది ఒకటి, యూజర్‌ది ఒకటి. విండో తెరిచినప్పుడు సిస్టమ్‌ది ముందు, యూజర్‌ది వెనక కలిపి ఒకటే పాత్‌గా ఇస్తుంది. నీ కమాండ్ ఆ కలిపిన పొడుగు దారిని మొత్తం తీసుకుని మొదటి 1024 అక్షరాలు మాత్రం ఉంచి, తక్కింది కోసేసి, దాన్ని యూజర్ పాత్‌లో రాసింది. కోతలో పోయింది తోక. తోకలో ఉన్నది నీ యూజర్ పాత్, అంటే పైథాన్, వీఎస్ కోడ్, ఆ చివర నువ్వు కొత్తగా చేర్చాలనుకున్న డీబీహోమ్‌ఎక్స్‌ఈ కూడా. సిస్టమ్ పాత్‌కి ఏమీ కాలేదు. అదే కమాండ్‌కి వెనక స్లాష్ ఎమ్ ఉండి అడ్మిన్‌గా కొట్టి ఉంటే సిస్టమ్ పాత్ కూడా తెగేది, అప్పుడు మరమ్మతు ఇంకా కష్టం.

ఇప్పుడు టెక్స్ట్ ఫైల్ పక్కన పెట్టుకుని యూజర్ పాత్ ఎడిట్ తెరువు. సిస్టమ్ పాత్‌లో ఇప్పటికే ఉన్న వరసలన్నీ యూజర్ పాత్‌లోంచి తీసేయి. సగంలో తెగిన వరస ఒకటి కనిపిస్తుంది, అదీ తీసేయి. ఫైల్ చివర్లో మీ యూజర్ ఫోల్డర్ పేరుతో మొదలయ్యేవి, యాప్‌డేటా కింద ఉండేవి చేర్చు. తర్వాత నేను 10:10కి చెప్పిన పని చెయ్యి. పాత్ మార్చడానికి సెట్‌ఎక్స్ ఇక ఎప్పుడూ వాడొద్దు, ఆ ఎడిట్ విండోలో వరస వరసగా చేర్చుకోవడమే మేలు.

తొందర లేదు. నేను పన్నెండున్నర దాకా మేలుకునే ఉంటాను.


టవర్‌క్లాక్_ఎంసీఏ (అనంతపురం), శనివారం రాత్రి 12:20

పైథాన్ వచ్చింది! కోడ్ వచ్చింది! ఒరాకిల్_హోమ్ యూజర్ పెట్టెలో ఉంది, తీసేశాను. వేర్ కొడితే ఇప్పుడు డీబీహోమ్‌ఎక్స్‌ఈ మొదట వస్తోంది. ఎస్‌క్యూఎల్ ప్లస్ తెరిస్తే 21.0.0.0.0 అని వచ్చింది, సిస్టమ్‌తో లాగిన్ అయింది. అన్నా మీకు ఎట్లా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

ఒక్కటి మాత్రం మిగిలింది. ల్యాబ్‌లో మేడం చెప్పినట్టు యూజర్ పేరు పక్కన @ఎక్స్‌ఈ అని పెడితే ఓఆర్‌ఏ-12154 వస్తోంది, కనెక్ట్ ఐడెంటిఫయర్ రిజాల్వ్ కాలేదని. అది లేకుండా అయితే లాగిన్ అవుతోంది.


బురుజు_డీబీఏ (కర్నూలు), శనివారం ఉదయం 6:40

నిద్ర పట్టేసింది చెల్లీ, ఇప్పుడే చూశాను. ఇది టీఎన్‌ఎస్_అడ్మిన్ పని. నిన్న నువ్వు చూపించినప్పుడే చెప్పి ఉండాల్సింది.

@ఎక్స్‌ఈ అన్నావంటే ఎక్స్‌ఈ అనే పేరుకి అడ్రస్ ఏమిటో టీఎన్‌ఎస్‌నేమ్స్ ఫైల్‌లో చూడమన్నట్టు. ఏ ఫోల్డర్‌లోని ఫైల్ చూడాలో టీఎన్‌ఎస్_అడ్మిన్ చెబుతుంది. అది మీ అన్న ఆఫీస్ ఫోల్డర్ వైపు చూపిస్తోంది, అక్కడ వాళ్ల ఆఫీస్ సర్వర్ల పేర్లే ఉంటాయి, నీ ఎక్స్‌ఈ ఉండదు. ఆ వేరియబుల్ తీసేయి. తీసేశాక 21సీ తన సొంత ఫైల్ చూసుకుంటుంది. ఆ ఫైల్ ఎప్పుడైనా నువ్వే తెరవాల్సి వస్తే డీబీహోమ్‌ఎక్స్‌ఈ లోపలి నెట్‌వర్క్ ఫోల్డర్‌లో వెతకొద్దు. 21సీ నుంచి హోమ్ రీడ్-ఓన్లీ అయింది, అసలు ఫైళ్లు పక్కనే ఉన్న హోమ్స్ అనే ఫోల్డర్‌లో, ఒరాడీబీ21హోమ్1, నెట్‌వర్క్, అడ్మిన్‌లో ఉంటాయి. నేనే మొదటిసారి అరగంట తప్పు ఫైల్ మార్చుకుంటూ కూర్చున్నాను.

ఇంకో ముందు జాగ్రత్త. సోమవారం ల్యాబ్‌లో యూజర్ క్రియేట్ చేస్తుంటే ఓఆర్‌ఏ-65096 వస్తే మళ్లీ వేరియబుల్స్ తెరవొద్దు, దానికీ దీనికీ సంబంధం లేదు. పెద్ద కంటైనర్ డేటాబేస్‌లో ఉండి మామూలు యూజర్‌ని చేయబోతున్నావని అర్థం. ఎక్స్‌ఈపీడీబీ1లోకి (దాని లోపలి చిన్న డేటాబేస్‌లోకి) వెళ్లి చెయ్యి. అడ్రస్ నేరుగా ఇవ్వొచ్చు, యూజర్ పేరు, @, రెండు స్లాష్‌లు, లోకల్‌హోస్ట్, కోలన్ 1521, స్లాష్, ఎక్స్‌ఈపీడీబీ1.


ఏడురోడ్లు_ల్యాబ్ (కడప), శనివారం ఉదయం 9:30

మొత్తం చదివాను. నేను కడపలో ఒక డిగ్రీ కాలేజీలో ల్యాబ్ చూసుకుంటాను. మా పిల్లలకు తరచూ చెప్పేది ఒకటి ఇక్కడ చేరుస్తాను. ఎస్‌క్యూఎల్ ప్లస్ మొండికేస్తే ఎస్‌క్యూఎల్ డెవలపర్‌తో (మౌస్‌తో వాడుకునే ఒరాకిల్ ప్రోగ్రామ్) ఒకసారి కనెక్ట్ అయి చూడండి. అందులో మామూలు కనెక్షన్ జావా థిన్ డ్రైవర్ (ఒరాకిల్ క్లయింట్ అవసరం లేనిది) మీద నడుస్తుంది, ఒరాకిల్_హోమ్‌తోనూ పాత్‌తోనూ దానికి పని లేదు. హోస్ట్, పోర్ట్, సర్వీస్ పేరు ఇస్తే అది కనెక్ట్ అయిందంటే డేటాబేస్ క్షేమం, గొడవ వేరియబుల్స్‌లోనే. అదీ కాకపోతే సర్వీస్, లిజనర్ వైపు వెళ్లాలి. ఐదు నిమిషాల్లో సగం అనుమానం తీరిపోతుంది.

టవర్‌క్లాక్ అమ్మాయీ, నీ మినీ ప్రాజెక్ట్‌లో తెలుగు డేటా ఉందా? ఉంటే ఇంకో వేరియబుల్ గురించి ముందే తెలుసుకో, మా దగ్గర దీనికి ఒక బ్యాచ్ మొత్తం ఇబ్బంది పడింది.


టవర్‌క్లాక్_ఎంసీఏ (అనంతపురం), శనివారం ఉదయం 10:05

ఉందక్కా! మూడు జిల్లాల మండలాల పేర్లు తెలుగులో పెట్టాలి, వేరుశనగ ధరల ప్రాజెక్ట్. ఇన్‌సర్ట్ స్టేట్‌మెంట్లు నోట్‌ప్యాడ్‌లో రాసి యూటీఎఫ్-8గా సేవ్ చేసుకున్నాను. (అన్నా, టీఎన్‌ఎస్_అడ్మిన్ తీసేశాను, @ఎక్స్‌ఈ పనిచేస్తోంది.)


ఏడురోడ్లు_ల్యాబ్ (కడప), శనివారం ఉదయం 10:40

సరిగ్గా అదే కేసు. ఆ వేరియబుల్ పేరు ఎన్‌ఎల్‌ఎస్_లాంగ్. నీ వైపు నుంచి వచ్చే అక్షరాలు ఏ ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ఉన్నాయో ఎస్‌క్యూఎల్ ప్లస్‌కి చెప్పేది అదే. మన విండోస్ మెషీన్లలో ఇన్‌స్టాలర్ రిజిస్ట్రీలో మామూలుగా డబ్ల్యూఈ8ఎంఎస్‌విన్1252 అని రాస్తుంది, అది పశ్చిమ యూరప్ భాషలకు సరిపోయేది. నీ ఫైల్ యూటీఎఫ్-8. ఒక తెలుగు అక్షరం మూడు బైట్లు, అది ఆ మూడు బైట్లనూ మూడు వేరే అక్షరాలనుకుని ఎక్కించేస్తుంది. ఎర్రర్ రాదు, అదే బాధ. రోస్ ఇన్‌సర్టెడ్ అని నిమ్మళంగా చెబుతుంది, తర్వాత తెరిచి చూస్తే పిచ్చి గుర్తులు. మా పిల్లలు రెండు రోజులు టైప్ చేసిన ఊళ్ల పేర్లన్నీ అట్లా పాడయ్యాయి, మళ్లీ మొత్తం ఎక్కించాం.

స్క్రిప్ట్ నడిపే ముందు అదే విండోలో సెట్ ఎన్‌ఎల్‌ఎస్_లాంగ్ ఈక్వల్స్ అమెరికన్, అండర్‌స్కోర్, అమెరికా, డాట్, ఏఎల్32యూటీఎఫ్8 అని కొట్టు. ఈక్వల్స్‌కి అటూ ఇటూ ఖాళీ వదలొద్దు, వదిలితే ఆ ఖాళీ కూడా పేరులో కలిసిపోయి వేరే వేరియబుల్ తయారవుతుంది. సెట్‌తో పెట్టింది ఆ విండోకే, మూస్తే పోతుంది, ఈ పనికి అదే మంచిది. ఎక్కాక చూసుకోవడం ఎస్‌క్యూఎల్ డెవలపర్‌లో చూసుకో. నల్ల విండోలో తెలుగు ఒత్తులూ గుణింతాలూ సరిగా అమరవు, డేటా సరిగ్గా ఉన్నా తప్పుగా కనిపించి భయపెడుతుంది.

టేబుల్‌లో ఊరి పేరు కాలమ్‌కి వర్‌క్యార్2 (అందులో పట్టే పొడవు) ఎంత పెట్టావు? 20 పెట్టి ఉంటే మన ఊళ్లే పట్టవు. కర్నూలు అని రాసి చూడు: క, ర, పొల్లు, న, దీర్ఘం, ల, కొమ్ము, మొత్తం ఏడు. ఏడు మూళ్లు 21 బైట్లు. ఓఆర్‌ఏ-12899 వస్తుంది, ఉన్నది 21, పట్టేది 20 అని. అనంతపురం 24. కడప ఒక్కటే 9 బైట్లతో సుఖంగా కూర్చుంటుంది. అందుకని 20 పక్కన క్యార్ అని కూడా రాయి, అప్పుడు బైట్లు కాకుండా అక్షరాలు లెక్కపెడుతుంది. అయినా మండలాల పేర్లు కొన్ని పొడుగ్గా ఉంటాయి, 60 క్యార్ పెట్టుకో.


చిత్రావతి_లినక్స్ (అనంతపురం), శనివారం మధ్యాహ్నం 12:15

లినక్స్ వాళ్లు ఈ థ్రెడ్ చదివి ఒరాకిల్_హోమ్ తీసేస్తారేమో, అక్కడ తీయొద్దు. అక్కడ ఒరాకిల్_హోమ్, ఒరాకిల్_ఎస్‌ఐడీ రెండూ కావాలి, ఓరాఎన్వ్ స్క్రిప్ట్‌తో పెట్టుకుంటే తప్పులు తక్కువ.

ఒక ముఖ్యమైన అనుభవం చెబుతాను. ఇదివరకు పనిచేసిన చోట ఒక రాత్రి డేటాబేస్ నడుస్తూనే ఉంది, యూజర్లు పని చేసుకుంటున్నారు, నేను లోకల్‌గా సిస్‌డీబీఏగా (పూర్తి అధికారాలతో) వెళితే మాత్రం కనెక్టెడ్ టు యాన్ ఐడిల్ ఇన్‌స్టన్స్, అంటే డేటాబేస్ నడవట్లేదు అంటోంది. వేరియబుల్స్ కళ్లతో చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెండు గంటల తర్వాత కనిపించింది, ఒరాకిల్_హోమ్ చివర ఒక స్లాష్ ఎక్కువ ఉంది. ఒరాకిల్ ఆ హోమ్ దారినీ ఎస్‌ఐడీనీ ఉన్నవి ఉన్నట్టు కలిపి మెమరీలో ఇన్‌స్టన్స్ ఆనవాలు లెక్కగడుతుంది. స్లాష్ ఉన్న దారి, లేని దారి మనకు ఒకే ఫోల్డర్, దానికి రెండు వేరువేరు ఆనవాళ్లు. డేటాబేస్ స్లాష్ లేకుండా లేచింది, నేను స్లాష్‌తో వెతుకుతున్నాను. ఐడిల్ అన్నది కదా అని ఆ రాత్రి స్టార్టప్ కొట్టనందుకు ఇప్పటికీ ఊపిరి పీల్చుకుంటాను. అక్కడ ఐడిల్ అని కనిపిస్తే ముందు పీఎమ్ఓఎన్ ప్రాసెస్ (డేటాబేస్ లేచి ఉంటే ఇది ఉంటుంది) నడుస్తోందో లేదో చూడండి.


బురుజు_డీబీఏ (కర్నూలు), శనివారం మధ్యాహ్నం 12:40

చిత్రావతి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఎస్‌ఐడీలో పెద్దక్షరం చిన్నక్షరం తేడా వచ్చినా లినక్స్‌లో ఇదే జరుగుతుంది.


టవర్‌క్లాక్_ఎంసీఏ (అనంతపురం), ఆదివారం సాయంత్రం 5:30

అందరికీ చెప్పాలని వచ్చాను. నిన్న టేబుల్ డ్రాప్ చేసి 60 క్యార్‌తో మళ్లీ చేశాను. అక్క చెప్పినట్టు ఎన్‌ఎల్‌ఎస్_లాంగ్ పెట్టి స్క్రిప్ట్ నడిపాను, ఎస్‌క్యూఎల్ డెవలపర్‌లో తెరిస్తే మండలాలన్నీ చక్కగా తెలుగులో కనిపించాయి. ముందు ఒకసారి పరీక్ష కోసం 20తోనే చేసి కర్నూలు ఎక్కించి చూశానక్కా, నిజంగానే 21 అని వచ్చింది!

మా రూమ్‌లో ఇంకో అమ్మాయికి కూడా ఒరాకిల్_హోమ్ పెట్టి ఉంది, తనది వేర్ కొట్టి నేనే సరిచేశాను. సెట్‌ఎక్స్ కమాండ్ పంపిన ఫ్రెండ్‌కి ఈ థ్రెడ్ పంపాను, తను అది క్లాస్ గ్రూప్‌లో పెట్టేసింది, వెంటనే తీయించాం.

అన్నకి ఫోన్ చేసి అడిగితే ఆ 11జీ క్లయింట్ ఇక అక్కర్లేదు, తీసేయమన్నాడు. ఆ ఫోల్డర్ డిలీట్ కొట్టేస్తే సరిపోతుందా?


బురుజు_డీబీఏ (కర్నూలు), ఆదివారం సాయంత్రం 6:05

చాలా సంతోషం చెల్లీ. ఫోల్డర్ డిలీట్ చేయొద్దు, రిజిస్ట్రీలో దాని హోమ్ అట్లాగే మిగిలిపోతుంది. దాని లోపల డీఇన్‌స్టాల్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులోని స్క్రిప్ట్ అడ్మిన్‌గా నడపాలి. కానీ రేపు ఇంటర్నల్ పెట్టుకుని ఈ రోజు దాన్ని ముట్టుకోవద్దు. పాత్‌లో అది కిందే ఉంది కాబట్టి ఏమీ చేయదు. పరీక్ష రాసి వచ్చాక సాయంత్రం ఇక్కడ మెసేజ్ పెట్టు, దగ్గరుండి తీయిద్దాం.